అద్దాలమేడ వెల

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ రెండు పనులకును పూనుకొన్నవాడు తాను ముందుగా వేసికొన్న లెక్కలన్నియు ఎట్లు నీటిపాలగునో తెలిసికొనును. ఆ పెద్దల కాలమున చలనచిత్రములు లేవు. ఉండినచో, అందును రాజులు, కోటలు, సేనలు గల చిత్రములు తీయుట వారెఱిగియుండినచో, సామెతకు మూడవ మాట యొకటి చేర్చియే యుందురు.

మేము మా పట్టణమునందు చాలకాలముగా వృథావ్యయమును ఖండించుచు వచ్చినవారము. పెండ్లి పందిళ్లకును, ఊరేగింపులకును, బాణసంచాకును అప్పులు చేయవలదని సభలలో ఉపన్యసించితిమి; వ్యాసములు వ్రాసితిమి; బంధువులతో విరోధములును తెచ్చుకొంటిమి. అట్టి మేము పదునాఱేండ్ల కాలమును, కోటికి పైబడిన ధనమును మ్రింగిన యొక చిత్రమును గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పబూనుట చదువరులకు వింతగా తోపవచ్చును. మంచి మాటలతో పాటు చెడ్డమాటయు నొకటి చెప్పవలసియున్నది. అది యా చిత్రము తీసినవారిని గూర్చినది మాత్రమే కాదు. మమ్ము గూర్చినది కూడ. కావుననే యింతకాలము వ్రాయక వాయిదా వేయుచు వచ్చితిమి.

ఆ చిత్రము 'మొగల్ ఏ ఆజమ్'. అక్బరు చక్రవర్తి కుమారుడగు సలీము అనార్కలి యను దాసిని ప్రేమించుటయు, తండ్రి కాదనుటయు, కొడుకు తండ్రిపై కత్తి దూయుటయు అందలి కథ. ఈ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. అక్కినేని నాగేశ్వరరావు సలీముగాను, అంజలీదేవి అనార్కలిగాను, ఎస్. వి. రంగారావు అక్బరుగాను నటించిన తెలుగు 'అనార్కలి' 1955లోనే వచ్చినది. మేము దానిని కొన్నియేండ్ల తరువాత, పండ్రెండేండ్ల ప్రాయమున, మా యూరి చెఱువుగట్టున వేసిన టూరింగు టాకీసు డేరాలో, నేలపై కూర్చుండి చూచితిమి. మా నాయనమ్మ మా ప్రక్కనే కూర్చుండి, "ఆ పిల్ల ఏం పాపం చేసిందిరా, అంత పెద్ద పాదుషాకి దాని మీద కోపం!" అని కన్నులొత్తుకొన్నది. ఆనాటి మాకు దాని వెనుక నొక పెద్ద చిత్రము బొంబాయిలో ఎన్నియో యేండ్లపాటు సాగినదని తెలియదు.

హిందీ చిత్రమును మేము మొట్టమొదట చూచినది 2004 సంవత్సరము నవంబరు నెలలో. నలుపు తెలుపులలో నుండిన దానికి అప్పుడు రంగులద్ది మరల విడుదల చేసిరి. మా పెద్దమ్మాయిని హైదరాబాదులోనే యిచ్చియుంటిమి. అల్లుడు టిక్కెట్లు తెచ్చి మమ్ము బలవంతముగా తీసికొనిపోయెను. తెరపై అద్దాలమేడ కనబడి, అనార్కలి నిండుసభలో వెఱపులేక పాడుచుండగా, పైకప్పునందలి వేలకొలది అద్దపు ముక్కలలో ఆమె ప్రతిబింబములు ఒక్కసారిగా తిరుగాడినవి. హాలంతయు నిశ్శబ్దమయ్యెను. మా అల్లుడు మెల్లగా వంగి, "మామయ్యగారూ, ఈ ఒక్క సెట్టుకే ఆ రోజుల్లో పదిహేను లక్షలయిందట. కట్టడానికి రెండేళ్లు పట్టిందట" అనెను. మేము అలవాటు చొప్పున, "ఎంత దుబారా!" అంటిమి. అతడు నవ్వి, "మీరలా అంటారని తెలిసే చెప్పానండి" అనెను.

ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట మమ్ము విడువలేదు. దుబారా యని తీర్పు చెప్పుటకు ముందు ఆ ధనము ఎక్కడికి పోయినదో తెలిసికొనుట న్యాయము గదా యనుకొంటిమి. తరువాతి మాసములలో ఆ చిత్రమును గూర్చి దొరికినంత చదివితిమి. మేము గ్రహించిన సంగతులను ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

లాహోరు నివాసియగు ఇంతియాజ్ అలీ తాజ్ అను రచయిత 1922లో 'అనార్కలి' యను నాటకమును ఉర్దూలో వ్రాసెను. అది యెందఱనో ఆకర్షించినది. మూగచిత్రముల కాలమున 1928లోనే ఈ కథ తెరకెక్కినది; మాటలు వచ్చిన పిమ్మట 1935లో మరల వచ్చినది. 1944 ప్రాంతమున కరీముద్దీన్ ఆసిఫ్ అను యువకుడు ఈ కథను తాను తీయవలెనని పట్టుబట్టెను. అతని వయస్సప్పుడు ఇరువదిరెండేండ్లు. షిరాజ్ అలీ హకీమ్ అను నిర్మాత ధనమిచ్చుట కొప్పుకొనెను. అక్బరు వేషమునకు చంద్రమోహన్, సలీమునకు సప్రూ, అనార్కలికి నర్గీసు కుదిరిరి. 1946లో బొంబాయిలో చిత్రీకరణము ఆరంభమయ్యెను.

అంతలో దేశము రెండు ముక్కలయ్యెను. హిందువులును ముసల్మానులును ఒకరినొకరు చంపుకొన్న ఆ దినములలో, ఉభయులను సమానముగా చూడగోరిన చక్రవర్తి కథను తీయుచుండిన నిర్మాత పాకిస్తానమునకు తరలిపోయెను. పని ఆగిపోయినది. 1949లో చంద్రమోహన్ మరణించెను. తీసిన భాగము పనికిరాక పోయినది. మరియొకడైనచో దండము పెట్టి విడిచియుండును. ఆసిఫ్ విడువలేదు.

బొంబాయి నగరమున గొప్ప గొప్ప కట్టడములు కట్టించిన షాపూర్జీ పల్లోంజీ యను పారశీకునకు చలనచిత్రములతో పరిచయమంతగా లేకున్నను, అక్బరు చరిత్రయందు మక్కువ కలదు. అతడు పెట్టుబడి పెట్టుట కంగీకరింపగా, పని క్రొత్త నటులతో మరల మొదలయ్యెను. పృథ్వీరాజ్ కపూర్ అక్బరు, దిలీప్ కుమార్ సలీము, మధుబాల అనార్కలి, దుర్గా ఖోటే జోధాబాయి. సంగీతము నౌషాదుది. కోటలోని కృష్ణాష్టమి ఉత్సవమునకు పాట కట్టినవాడు నౌషాదు. ఆ పాటకు ఆడినది మధుబాల. వారిచేత ఆడించి పాడించినది ఆసిఫ్. అక్బరైనవాడు హిందువు, ధనమిచ్చినవాడు పారశీకుడు. దేశవిభజనపు గాయము పచ్చిగా నుండిన దినములలో వీరందఱు ఒక్క పందిరి క్రింద పనిచేసిరన్న మాట, ఆ చిత్రములోని యే సంభాషణకంటెను మాకు గొప్పగా తోచినది.

ఇక వ్యయము సంగతి. వస్త్రములు కుట్టుటకు ఢిల్లీ దర్జీలను, అల్లికపనికి సూరతువారిని, కిరీటములకు కొల్హాపురపు పనివారిని, ఆయుధములకు రాజస్థానపు కమ్మరులను, పాదరక్షలకు ఆగ్రావారిని రప్పించిరి. నగలు చేసినవారు హైదరాబాదు కంసాలులు. ఈ సంగతి చదివినప్పుడు మాకు గర్వము కలిగినది. వెంటనే, ఆ చిత్రమును చూచి చప్పట్లు కొట్టిన లక్షలాది జనులలో ఆ కంసాలుల పేళ్లు ఎఱిగినవారెందఱని తోచి, గర్వము చల్లబడినది. యుద్ధఘట్టమునకు 2,000 ఒంటెలు, 400 గుఱ్ఱములు, 8,000 మంది భటులు కావలసివచ్చిరనియు, సైనికులను పంపి మన సైన్యమే తోడ్పడెననియు చెప్పుదురు. ప్రతి ఘట్టమును మూడుసార్లు తీసిరి. ఉర్దూ కలసిన హిందీలో నొకసారి, తమిళమున నొకసారి, ఆంగ్లమున నొకసారి. తమిళపు చిత్రము 1961లో 'అక్బర్' అను పేర వచ్చి విఫలమయ్యెను. ఆంగ్లపుదానిని అంతటితో విడిచిపెట్టిరి. మూడింట రెండువంతుల శ్రమ యిట్లు గాలికి పోయినది. దీనిని మాత్రము దుబారా యనుటకు మేము నేటికిని వెనుదీయము.

అద్దాలమేడ సంగతి వేరు. లాహోరు కోటలోని అద్దాలమహలు దానికి మాతృక. నూటయేబది అడుగుల పొడవు, ఎనుబది అడుగుల వెడల్పు, ముప్పదియైదడుగుల ఎత్తు గల ఆ మందిరమును స్టూడియోలో కట్టుటకు రెండేండ్లు పట్టినది. అద్దములు బెల్జియము దేశము నుండి వచ్చినవి. అతికినవారు ఫిరోజాబాదు పనివారు. కట్టుట ముగిసిన పిమ్మట చూడగా, దీపము వెలిగించిన తోడనే ప్రతి అద్దమునుండియు కాంతి కెమెరాలోనికి తిరిగి కొట్టి, బొమ్మ పడకపోయెను. విదేశపు నిపుణులు సయితము ఇది కానిపని యని పెదవి విఱిచిరట. ధనమిచ్చిన షాపూర్జీకి సహనము తప్పినది. ఆసిఫును తొలగించి సోహ్రాబ్ మోదీచేత ముగింపజేయ నాలోచించెనని కూడ చెప్పుదురు. ఆ మోదీ మాత్రము సుఖముగా నుండెనా? అతడు 1953లో అపారధనము పోసి, మన దేశమున మొట్టమొదటి టెక్నికలర్ చిత్రముగా 'ఝాన్సీ కీ రాణీ'ని తీసి, నష్టపోయియుండెను. ఆ యేడే మరియొక సంస్థ ఇదే అనార్కలి కథను కొద్ది ఖర్చుతో తీసి, విడుదల చేసి, విశేషముగా లాభము గడించినది. ఆసిఫ్ చిత్రము అప్పటికి సగమైన కాలేదు.

తుదకు ఛాయాగ్రాహకుడు ఆర్. డి. మాథుర్ ఉపాయము కనుగొనెను. అద్దములపై పలుచగా మైనము పూయించి, దీపముల వెలుగును నేరుగా వేయక గుడ్డలపై పడునట్లు చేసి, ఆ గుడ్డలనుండి మరలిన మెత్తని కాంతితో చిత్రించిరని తెలియుచున్నది. ఆ కానిపని యైనది. ఇందు డబ్బు చేసినదేమియు లేదు. డబ్బు అద్దములను కొన్నది. వెలుగును వశపఱచుకొన్నది ఒక మనుష్యుని ఓర్పు. ఆ పాటను మాత్రము రంగులలో తీసిరి. ఆ రంగులు చూచి మురిసిన ఆసిఫ్ చిత్రమంతయు మరల రంగులలో తీయుదుననెను. పంపిణీదారులు వలదని మొఱపెట్టుకొనగా, అద్దాలమేడ పాటయు, చివరి భాగమును తప్ప తక్కినది నలుపు తెలుపులలోనే మిగిలిపోయెను. అతనికి అడ్డుచెప్పగలిగిన మనుష్యులు ఒక్కసారియైన దొరికిరని మేము సంతసించితిమి.

1960 ఆగస్టు 5వ తేదీన చిత్రము విడుదల యయ్యెను. బొంబాయిలోని మరాఠా మందిరమునకు రీళ్లను అలంకరించిన యేనుగుపై తెచ్చిరి. వ్యయము కోటి రూపాయలకు పైమాట; కోటిన్నర యని చెప్పువారు కలరు. సామాన్య చిత్రము పదిలక్షలలో ముగియు కాలమది. అయినను పెట్టినది వచ్చుటయే కాక, పదునైదేండ్లపాటు ఆ చిత్రపు రాబడిని మించినది లేకుండెను. ఆసిఫ్ మాత్రము ధనవంతుడు కాలేదు. సొంతకారు లేక టాక్సీలలో తిరుగుచు, నేలపై చాపవేసికొని పరుండుచుండెడివాడని అతని నెఱిగినవారు చెప్పిరి. మరియొక మహాచిత్రము మొదలుపెట్టి, అది ముగియకముందే 1971లో మరణించెను.

ఇంతవఱకు చదివి మేము మా అల్లునితో నోడిపోతిమని యొప్పుకొంటిమి. పెండ్లిలో బాణసంచాకు పోసిన ధనము రాత్రికి పొగయై పోవును. ఇచట పోసిన ధనము దర్జీకిని, కంసాలికిని, కమ్మరికిని, అద్దము అతికినవానికిని పని కల్పించినది. మా నాయనమ్మవంటి వారికి మూడు గంటల సేపు కన్నులపండువు చేయుచు, నేటికిని నిలిచియున్నది. కళకై చేసిన వ్యయమునంతను దుబారా యనుట తప్పే.

చరిత్రజ్ఞులు మరియొక ఆక్షేపణము తెత్తురు. అబుల్ ఫజలు అక్బరు చరిత్రలో అనార్కలి లేదు. సలీము జహంగీరై వ్రాసికొన్న స్వీయచరిత్రయందును లేదు. 1611లో లాహోరునందుండిన విలియమ్ ఫించ్ అను ఆంగ్లవర్తకుడు తాను విన్న కథగా వ్రాసినదే మొదటి ఆధారము. లాహోరులో అనార్కలి గోరీ యని పిలువబడు కట్టడమొకటి కలదు. అది నేడు ప్రభుత్వపు పాతపత్రముల భాండారము. ఈ యాక్షేపణ సరియైనదే. కట్టుకథను చరిత్రమని నమ్మించుట విద్యావిహీనమైన సంఘమునకు మేలుచేయదు. ఇది కల్పన యని చెప్పి చూపినచో నష్టము లేదు. ఈ విషయమును ఇంతటితో విడుతుము. మాకు చెప్పవలసిన చెడ్డమాట ఇది కాదు.

మధుబాల గుండెకు పుట్టుకతోనే లోపముండెను. గుండెగదుల నడిమి గోడలో రంధ్రముండినదని వైద్యులు కనుగొనిరి. ఆ కాలమున దానికి సరియైన శస్త్రచికిత్స మన దేశమున లేదు. అట్టి స్త్రీని చెఱసాల ఘట్టములలో నిజమైన యినుప సంకెళ్లతో కట్టిరి. కఱ్ఱతో చేసి రంగు పూసిన సంకెళ్లయినచో ముఖమున ఆ బాధ పలుకదని దర్శకుని యభిప్రాయము. ఆ బరువుతో నడచి నడచి ఆమె చర్మము ఒరిసికొనిపోయెను. పలుమార్లు పని ముగించి మంచము పట్టెను. అదియే కాదు. సలీమైన దిలీప్ కుమారును ఆమె నిజముగనే ప్రేమించియుండెను. 1957లో మరియొక చిత్రమునకు సంబంధించిన వ్యాజ్యమున అతడు ఆమె పక్షమునకు ప్రతికూలముగా సాక్ష్యము చెప్పెను. ఆ తరువాత వారిద్దఱకు మాటలు లేవు. మాటలు లేని ఆ మనుష్యులే కెమెరా ముందు లోకమునందలి గొప్ప ప్రేమికులుగా నిలువవలసివచ్చెను. చిత్రము విడుదలయైన తొమ్మిదేండ్లకు, 1969 ఫిబ్రవరి 23న, ముప్పదియాఱేండ్ల వయస్సున ఆమె మరణించెను. ఆ మరణమునకు సంకెళ్లే కారణమని మేమనము. వ్యాధి పుట్టుకతో వచ్చినది. గాని, వ్యాధిగ్రస్తయని యెఱిగియు నిజమైన యినుమునే కోరిన ఆ కోరికను మేము కళాదీక్ష యని పొగడజాలము.

ఈ వాక్యము వ్రాయుటకు మాకు హక్కు కలదా యని మేము పలుమార్లు ప్రశ్నించుకొంటిమి. ఏలయనగా మాది యొక చిన్న అద్దాలమేడ కలదు.

1985 సంక్రాంతికి మా పట్టణపు నాటకసమాజము కృష్ణరాయల కాలపు కథ నొకదానిని ప్రదర్శించినది. సమాజమునకు కార్యదర్శులము మేము. మూడువేల రూపాయలతో ముగియవలసిన నాటకము ఏడువేలు దాటినది. రాయల సింహాసనమునకు బంగారురంగు కాగితము చాలదని రేకు కొట్టించితిమి. దర్బారులోని పండ్రెండుగురికిని మొఖమలు అంగీలు, జరీ అంచులు కావలెనని పట్టుబట్టితిమి. బజారులో కుట్టుమిషను పెట్టుకొన్న ముసలి దర్జీ, మేము తాతా యని పిలుచువాడు, పదునాలుగు రాత్రులు కిరోసిను దీపము క్రింద కూర్చుండి ఆ అంగీలు కుట్టెను. మాట్లాడుకొన్న కూలి ఎనిమిదివందల నలుబది రూపాయలు. అయిదువందలు ముందుగా ఇచ్చితిమి. తక్కినది నాటకమైన మరునాడు ఇత్తుమంటిమి.

నాయిక వేషమునకు పొరుగు పట్టణమునుండి వచ్చిన నటికి ఆ సాయంకాలము జ్వరము తగిలినది. ఆమె ఒడలు కాలిపోవుచుండెను. "బాబుగారూ, రెండో అంకంలో ఆ కొలువు సీను కొంచెం తగ్గించండి. నిలబడలేనేమో" అని ఆమె వేడెను. ఆ ఘట్టములోనే మా దర్బారంతయు, మా అంగీలన్నియు, మా సింహాసనమును కనబడవలసియున్నవి. ముప్పావుగంట ఘట్టమది. మేము రెండు జ్వరపు మాత్రలిచ్చి, "అమ్మా, ఈ ఒక్కటి దాటించు. ఊరంతా వచ్చింది" అంటిమి. ఆమె దాటించినది. చప్పట్లు మ్రోగినవి. తెర దించిన పిమ్మట ఆమె నేలపై చతికిలబడి వాంతి చేసికొన్నది. ఆ రాత్రియే బస్సెక్కించి పంపితిమి. తరువాత కుశల మడుగుచు ఉత్తరమైనను వ్రాయలేదు.

నాటకముపై వచ్చిన టిక్కెట్ల సొమ్ము సింహాసనము చేసినవానికిని, హార్మోనియము వాయించినవానికిని, దీపాల కంపెనీకిని సరిపోయినది. వారు గట్టిగా అడిగిరి కావున ఇచ్చితిమి. దర్జీ తాత గట్టిగా అడుగలేదు. మా యింటి వాకిటికి మూడు పర్యాయములు వచ్చెను. మొదటిసారి లెక్క తేలలేదంటిమి. రెండవసారి కోశాధికారి ఊర లేడంటిమి. మూడవసారి మేము లోపల నుండియే లేమనిపించితిమి. పిమ్మట ఆయన రాలేదు. ఆ యేడు చివర సభలో మేము పెండ్లిళ్ల దుబారాను గూర్చి మాటలాడితిమి. మంచి యుపన్యాసమని అందఱు మెచ్చుకొనిరి.

హైదరాబాదునుండి తిరిగివచ్చినప్పటినుండి, ఇనుప సంకెళ్లతో నేలపై కూర్చుండిన మధుబాల మొగము మాకు కనబడినప్పుడెల్ల, దాని వెనుక నేలపై చతికిలబడిన ఆ నటి కనబడసాగినది. ఢిల్లీ దర్జీలనుమాట చదివినప్పుడెల్ల, వాకిట నిలిచిన మా దర్జీ తాత దగ్గు వినబడసాగినది. పదునాఱేండ్ల చిత్రమునకును, మా యొక్కరాత్రి నాటకమునకును పోలికయేమి యని చదువరులు నవ్వవచ్చును. కళాదృష్టితో చూచిన పోలిక లేదు. ఇతరుల దేహమును తమ వైభవమునకు ఖర్చుపెట్టు విషయమున చిన్నపెద్దల భేదము లేదు. అందును ఆసిఫునకు మాకన్న నొక మేలు కలదు. అతడు చాపమీద పరుండెను. మేము పరుపుమీదనే పరుంటిమి.

2005 సంక్రాంతికి ముందు మేము ఆ దర్జీ యిల్లు వెదకికొని పోతిమి. ఆయన మరణించి పదేండ్లయినదట. కొడుకు బట్టలకొట్టులో గుమాస్తాగా నుండెను. వచ్చిన పని చెప్పగా అతనికేమియు తెలియదనెను. మంచముపై కూర్చుండిన అతని తల్లి మాత్రము తలయెత్తి, "నాటకం తాలూకు మూడు వందల నలభైయే కదా బాబూ" అనెను. ఇరువదియేండ్లు గడచినను ఆ లెక్క ఆమెకు జ్ఞప్తియందున్నది. మేము వడ్డీతో కలిపి కవరులో పెట్టి తెచ్చిన సొమ్మును ఆమె చేతికిచ్చితిమి. ఆమె కవరు విప్పి లెక్కించి, కొడుకున కిచ్చి, "ఆ యేడు పండక్కి పిల్లలకి బట్టలు కుట్టలేదు. ఊరందరికీ కుట్టాడు" అనెను. నిష్ఠురముగా ననలేదు, జరిగినది చెప్పినది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ నటి యునికి మాత్రము నేటివఱకు తెలిసికొనలేకపోతిమి.

కావున మేము మా పాత యభిప్రాయమును కొంత సవరించుకొంటిమి. ఇంత వ్యయము చేయవచ్చునా యని అడుగుట చాలదు. ఆ వ్యయము ఎవరి చేతికి చేరినది, ఎవరి చేతికి చేరక నిలిచిపోయినది, ధనముతో కొనరానిదేదైన ఎవరి యొంటినుండి తీసికొనబడినది అని మూడు ప్రశ్నలడుగవలెను. మొదటి రెండింటికి లెక్కల పుస్తకము బదులు చెప్పును. మూడవదానికి పుస్తకము లేదు. ఆ లెక్క మనసులో నుంచుకొనవలసినదే.

నేటికిని మన తెలుగుదేశమున వందలకోట్లతో రాజుల చిత్రములు తీయుచున్నారు. తీయవలదని మేమనము. చిన్న పట్టణములలో ఉత్సవములు, నాటకములు, సన్మానసభలు జరుపుచునే యున్నారు. జరుపవలదనియు అనము. వారందఱకు మా మనవి యొక్కటి. తెర లేవకముందే కుట్టినవానికి, కొట్టినవానికి, మోసినవానికి కూలి చెల్లింపుడు. వారి పేళ్లు వ్రాసి పెట్టుడు. పాత్రధారి యొడలు కాలుచున్నదని తెలిసినప్పుడు ఆ ఘట్టమును తగ్గింపుడు. తగ్గించినందువలన మన దర్బారు శోభ కొంత చెడును. చెడనిండు. మేము ఆనాడు తగ్గించియుండినచో మా యూరివారు ముప్పావుగంట జరీ అంగీలను చూడకపోవుదురు. అంతకుమించి నష్టము లేదు. నేడు ఆ అంగీలు ఎక్కడనున్నవో కూడ మాకు తెలియదు.